ఫిరంగి లెక్కల నుంచి బజారు లెక్కలకు

ఒక మనిషి ఒక కొలువు మాని మరొక కొలువులో చేరటం సాధారణంగా చరిత్ర గ్రంథాలకు ఎక్కదు. అది ఆ మనిషి ఇంటి విషయం. జీతం చాలకపోవటం, పై అధికారితో పొసగకపోవటం, చేసే పనికి మనస్సు ఒప్పకపోవటం – కారణాలు ఎన్నైనా వుండవచ్చు. కాని ఒకే వృత్తిలోని వేలమంది, ఒకే గుమ్మం దాటి, ఒకే దిక్కుకు ఎనభై ఏళ్ళుగా నడుస్తూ వుంటే అది ఇంటి విషయంగా మిగలదు. దానికి ఆర్థిక కారణాలుంటాయి, రాజకీయ ఫలితాలుంటాయి. అమెరికాలో సైనిక కాంట్రాక్టుల కింద కంప్యూటరు పని నేర్చినవారు ప్రైవేటు రంగానికి తరలిపోయిన కథ అటువంటిది.

ఈ కథను ఇప్పటివరకు రెండు విధాలుగా చెబుతూ వచ్చారు. పెట్టుబడిదారీ పత్రికలు చెప్పే కథలో ప్రతిభావంతుడైన ఇంజనీరు ప్రభుత్వ దఫ్తరాల జాప్యంతో విసిగిపోయి, స్వేచ్ఛ కోసం బయటికి వచ్చి, ఒక పాత గోదాములో కంపెనీ పెట్టి, లోకాన్ని మారుస్తాడు. మనవాళ్ళలో కొందరు చెప్పే కథ ఇంకా పొట్టిది: కంప్యూటరు యుద్ధంలో పుట్టింది, కనుక దానితో చేసే పని అంతా యుద్ధపు పనే. మొదటి కథలో ప్రజల సొమ్ము కనిపించదు. రెండవ కథలో శ్రామికుడు కనిపించడు. నిజం తెలుసుకోవాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ గుమ్మం దాటినవాడు వెంట ఏమి తీసుకుపోయాడు? దానికి ఖర్చు ఎవరు భరించారు? అవతలి పక్క అతనికి ఎదురైన యజమాని ఎవరు?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి ఫిరంగి పట్టికలు కావలసి వచ్చాయి. ఏ గుండును ఏ కోణంలో పేలిస్తే ఎంత దూరంలో పడుతుందో చెప్పే పట్టికలవి. ఒక్క గుండు దారిని చేతి యంత్రంతో లెక్కకట్టటానికి ఒక మనిషికి ఇరవై గంటలు పట్టేది. ఆ లెక్కలు చేసేవారిలో ఎక్కువమంది గణితం చదివిన యువతులు. ఆ రోజుల్లో ‘కంప్యూటరు’ అనే మాటకు అర్థం యంత్రం కాదు, లెక్కకట్టే మనిషి. 1943లో సైన్యపు ఆయుధ శాఖ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మూర్ ఇంజనీరింగు పాఠశాలతో ఒక ఒప్పందం చేసుకున్నది. జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్ అనే ఇద్దరి నాయకత్వంలో సుమారు 18,000 వాల్వులతో ‘ఎనియాక్’ అనే యంత్రం తయారైంది. ఇరవై గంటల లెక్కను అది అర నిమిషంలో పూర్తిచేసింది. కాని అది సిద్ధమయ్యేనాటికి యుద్ధం ముగిసిపోయింది. 1945 డిసెంబరులో దాని మీద చేసిన మొదటి పెద్ద లెక్క హైడ్రోజన్ బాంబుకు సంబంధించినది. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించారు.

ఆ తర్వాత రెండు నెలలైనా గడవకముందే ఎకర్ట్, మాక్లీ రాజీనామా చేశారు. విశ్వవిద్యాలయం వారిని పేటెంటు హక్కులు వదులుకొమ్మన్నది. వారు ఒప్పుకోలేదు. బయటికి వచ్చి సొంతంగా కంపెనీ పెట్టారు. కంప్యూటరు చరిత్రలో సైనిక కాంట్రాక్టు నుంచి ప్రైవేటు రంగానికి సాగిన మొదటి ప్రసిద్ధ ప్రయాణం ఇదే. ఇందులో తగాదా యుద్ధం మంచిదా చెడ్డదా అన్నదాని మీద రాలేదు. ప్రజల సొమ్ముతో పుట్టిన జ్ఞానం ఎవరి ఆస్తి అన్నదాని మీద వచ్చింది. విశ్వవిద్యాలయం తనదన్నది. ఇంజనీర్లు తమదన్నారు. పన్ను కట్టినవాడిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ పేటెంటు 1964లో మంజూరైంది. 1973 అక్టోబరులో మినియాపొలిస్‌లో ఒక న్యాయమూర్తి అది చెల్లదని తీర్పు చెప్పాడు. ఆ తీర్పుతో కంప్యూటరు అనే మూల భావన ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా పోయింది. రెండు కంపెనీల పోట్లాటలో ప్రజలకు అనుకోకుండా దక్కిన లాభం అది.

బయటికి వచ్చిన ఆ ఇద్దరికీ స్వేచ్ఛ దొరికిందా? ప్రైవేటు పెట్టుబడి చాలలేదు. తొలి ఖాతాదారుల్లో ఒకటి నార్త్‌రప్ అనే విమానాల కంపెనీ. దానికి కావలసింది వైమానిక దళపు పని. 1950లో కంపెనీ రెమింగ్టన్ రాండ్ అనే పెద్ద సంస్థ చేతిలోకి పోయింది. వీరు సైన్యాన్ని విడిచి వచ్చి చేరిన ఆ సంస్థలో ఉపాధ్యక్షుడెవరు? అణుబాంబు తయారీకి అధిపతిగా వుండి, 1948లో సైన్యం నుంచి విరమించిన జనరల్ లెస్లీ గ్రోవ్స్. 1952లో ఆ సంస్థకు అధ్యక్షుడుగా వచ్చినవాడు జనరల్ డగ్లస్ మెకార్థర్. ఇంజనీరు వెళ్ళిన దారినే సేనానులూ వెళ్ళారు, ఇంకా పై మెట్టుకు వెళ్ళారు.

మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలో సైనిక రహస్యాలతో పనిచేయటానికి ‘సెక్యూరిటీ క్లియరెన్సు’ కావాలి. అంటే ఈ మనిషి నమ్మదగినవాడని ప్రభుత్వం ఇచ్చే అనుమతి. కమ్యూనిస్టుల వేట ముమ్మరంగా సాగిన ఆ రోజుల్లో, 1950లో, మాక్లీ మీద వామపక్ష సంబంధాల అనుమానం మోపి ఆ అనుమతి నిరాకరించారు. ఎనియాక్‌ను నిర్మించిన మనిషే సైనిక రహస్యాలకు పనికిరానివాడైనాడు. సొంత కంపెనీలోనే సాంకేతిక పనికి దూరంగా కూర్చోవలసి వచ్చింది. ఆ మచ్చ తొలగటానికి కొన్నేళ్ళు పట్టింది. కాంట్రాక్టు వదిలి బయటపడ్డా కాంట్రాక్టు పెట్టే షరతులు మనిషిని వదలలేదు.

ఎనియాక్‌కు లెక్కలు అమర్చిన ఆరుగురు స్త్రీల మాట కూడా మరువరాదు. యంత్రపు తీగలు, మీటలు ఏ వరుసలో కలిపితే ఏ లెక్క నడుస్తుందో పుస్తకం లేకుండా, గురువు లేకుండా కనిపెట్టినవారు వారు. కాగితాల మీద వారి హోదా వృత్తి నిపుణులకు ఒక మెట్టు కింద. 1946లో యంత్రాన్ని ప్రదర్శించిన నాటి రాత్రి విందుకు వారిని పిలవలేదు. వారిలో బెట్టీ హోల్బర్టన్, జీన్ బార్టిక్ ఎకర్ట్–మాక్లీ కంపెనీలో చేరారు. తర్వాత 1953లో హోల్బర్టన్ మళ్ళీ వెనక్కి, నౌకాదళపు పరిశోధనశాలకు వెళ్ళింది. అనగా ఈ గుమ్మం ఒకవైపే తెరుచుకునేది కాదు. రెండువైపులా మనుషులు నడిచారు. సొమ్ము మాత్రం ఎక్కువగా ఒకవైపే నడిచింది.

ఈ సొమ్ము నడక ఇంకా స్పష్టంగా కనిపించే ఉదాహరణ సెయింట్ పాల్ నగరంలో వుంది. యుద్ధకాలంలో శత్రువుల సంకేతభాషను విప్పటానికి అమెరికా నౌకాదళం ఒక నిపుణుల బృందాన్ని తయారుచేసింది. యుద్ధం ముగిసింది. బృందం చెదిరిపోతుందని నౌకాదళానికి భయం పట్టుకుంది. అప్పుడు ఒక ఉపాయం ఆలోచించారు. 1946లో ఆ మనుషులే ఒక ప్రైవేటు కంపెనీగా ఏర్పడ్డారు. యుద్ధంలో కొయ్య గ్లైడరు విమానాలు తయారుచేసిన కర్మాగారంలో అది వెలిసింది. పేరు ఇంజనీరింగ్ రిసెర్చ్ అసోసియేట్స్. పని అదే. ఖాతాదారు అదే నౌకాదళం. జీతం ఇచ్చే చెయ్యి మాత్రం మారింది. వారు నౌకాదళానికి రహస్యంగా తయారుచేసిన కంప్యూటరు 13వ పనిగా నమోదైంది. అదే యంత్రాన్ని 1951లో బజారులో అమ్మటానికి అనుమతి రాగానే దానికి 1101 అని పేరు పెట్టారు. ద్విసంఖ్యామానంలో 13ను 1101 అని రాస్తారు. తాము చేసిన పని గురించి ఒక్క మాట బయటికి చెప్పటానికి వీలులేని మనుషులు, ఆ పని గుర్తును సరుకు పేరులో దాచుకున్నారు. నవ్వు వచ్చే విషయమే. కాని దాని వెనుక ఒక బాధ వుంది. రహస్యపు పని చేసినవాడు కొత్త యజమాని ముందు నిలబడి గత అయిదేళ్ళు ఏమి చేశావంటే చెప్పుకోలేడు. తన శ్రమఫలితం తనది కాకపోవటం ఏ శ్రామికుడికైనా వున్నదే. తన శ్రమ జ్ఞాపకం కూడా తనది కాకపోవటం వీరికి అదనంగా వచ్చింది.

ఇంతవరకు చెప్పినది పదుల మంది కథ. వేలమంది కథ 1950లలో మొదలవుతుంది. సోవియట్ బాంబరు విమానాలు వస్తాయనే భయంతో అమెరికా వైమానిక దళం ‘సేజ్’ అనే రక్షణ వ్యవస్థను తలపెట్టింది. రాడార్ల నుంచి వచ్చే సమాచారాన్ని టెలిఫోను తీగల మీద పంపి, కంప్యూటరు తెర మీద విమానాల స్థానాన్ని అప్పటికప్పుడు చూపించటం దాని పని. ఇందుకోసం ఇరవైకి పైగా కేంద్రాలు కట్టారు. ఒక్కొక్క యంత్రం 250 టన్నులు. మొత్తం ఖర్చు 800 కోట్ల నుంచి 1,200 కోట్ల డాలర్ల దాకా అయివుంటుందని అంచనాలున్నాయి. 1958లో మొదటి కేంద్రం పనిచేయసాగింది. అప్పటికే, 1957లో, స్పుత్నిక్ ఆకాశానికి ఎగిరింది. బాంబర్ల మీద కాపలా పెట్టిన వ్యవస్థ క్షిపణుల యుగంలో కళ్ళు తెరిచింది. రక్షణగా అది ఎంత పనికివచ్చిందో కాని, పాఠశాలగా మాత్రం దానికి సాటి లేదు.

ఎందుకంటే ఆ యంత్రాలకు ప్రోగ్రాములు రాసేవారు ఆనాడు దేశంలో తగినంతమంది లేరు. యంత్రాలు తయారుచేసే కాంట్రాక్టు ఐ.బి.ఎం. కంపెనీ తీసుకున్నది. ప్రోగ్రాములు రాసే పని మాత్రం వద్దన్నది. ఆ పనికి సుమారు 2,000 మంది కావాలి. పని అయిపోయాక అంతమందిని ఏమి చేసుకోవాలో కంపెనీకి తోచలేదు. లాభం నిశ్చయమైన చోట ప్రైవేటు పెట్టుబడి ముందుకు వచ్చింది. మనుషులను తయారుచేసే చోట వెనక్కి తగ్గింది. ఆ భారం వైమానిక దళపు సొమ్ముతో నడిచే రాండ్ సంస్థ మీద పడింది. అందుకోసం 1957లో సిస్టం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ వేరుగా ఏర్పడింది. అది వందల మందిని పరీక్షించి, ఎంపికచేసి, నేర్పి, పనిలో పెట్టింది. నేర్చుకున్నవారిని ప్రైవేటు కంపెనీలు ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోయాయి. సంస్థ అడ్డుపెట్టలేదు, పోటీ జీతం ఇవ్వలేదు. తాను ప్రోగ్రామర్లకు ఒక విశ్వవిద్యాలయం వంటిదాన్నని సమాధానపడింది. 1960ల మొదటి భాగానికి అక్కడ పని నేర్చి బయటికి పోయినవారు వేలమంది అయ్యారు. ఐ.బి.ఎం. కంపెనీ కూడా సేజ్ మీద 1950లలో సుమారు 50 కోట్ల డాలర్ల రాబడి సంపాదించింది. ఆ అనుభవంతో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు టికెట్ల వ్యవస్థను కట్టింది. శత్రు విమానం ఎక్కడున్నదో కనిపెట్టటానికి నేర్చిన విద్య, ఏ విమానంలో ఎన్ని సీట్లు ఖాళీగా వున్నాయో చూపించింది.

నిజమే, ఇందులో మంచి వుంది. బాంబు లెక్క కంటే టికెట్టు లెక్క మేలు. ఆ విద్య జనజీవితంలోకి వచ్చినందుకు విచారించవలసింది ఏమీ లేదు. విచారించవలసింది లెక్కల పద్దు గురించి. చదువు ఖర్చు ప్రజల పద్దులో పడింది, చదువుకున్నవాడి శ్రమ కంపెనీ పద్దులో పడింది. సేజ్ కోసం పనిచేసిన ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ అయస్కాంత వలయాలతో జ్ఞాపకశక్తి పరికరాన్ని కనిపెట్టాడు. దాని పేటెంటు కోసం 1964లో ఐ.బి.ఎం. ఆ విశ్వవిద్యాలయానికి కోటీ 30 లక్షల డాలర్లు చెల్లించింది. ఖజానా సొమ్ముతో పుట్టిన వస్తువు మీద ఒక సంస్థ మరొక సంస్థకు కిరాయి కట్టింది. 1957లో అదే ప్రయోగశాల విడిచి కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ 70,000 డాలర్ల పెట్టుబడితో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ పెట్టారు. మసాచుసెట్స్‌లో ఒక పాత వున్ని మిల్లులో అది మొదలైంది. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు కంబళ్ళు నేసిన మిల్లు అది. కంపెనీల చరిత్రలో ఆ 70,000 డాలర్ల మాట తప్పక వస్తుంది. ఆ ఇద్దరూ ప్రయోగశాలలో నేర్చిన విద్య విలువ ఎంతో ఏ పద్దులోనూ కనిపించదు.

సిలికాన్ చిప్పుల కథ కూడా ఇంతే. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ అమ్మిన మొదటి నూరు ట్రాన్సిస్టర్లు, ఒక్కొక్కటి 150 డాలర్లకు, ఒక బాంబరు విమానపు కంప్యూటరు కోసం అమ్ముడుపోయాయి. 1962లో అమెరికాలో తయారైన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లన్నిటినీ కొన్నది ప్రభుత్వమే – మినిట్‌మన్ క్షిపణికి, అపోలో నౌకకు. అప్పుడు ఒక్కొక్కదాని సగటు ధర 50 డాలర్లు. 1968 నాటికి అది రెండు డాలర్ల 33 సెంట్లకు తగ్గింది, ప్రభుత్వం వాటా 37 శాతానికి దిగింది. ధర ఎక్కువగా వున్నప్పుడు కొన్నది ప్రజలు, చవక అయ్యాక అమ్ముకున్నది కంపెనీలు. ‘ప్రైవేటు సాహసం’ అని పాఠ్యగ్రంథాల్లో రాసే మాటకు ఈ నేపథ్యం చేర్చి చదువుకోవాలి.

ఇప్పుడు మరొక ప్రశ్న వస్తుంది. కాంట్రాక్టులు ఎండిపోయినప్పుడు ఏమైంది? 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. అమెరికాలో సైనిక ఖర్చు తగ్గింది, సైనిక స్థావరాలు మూతపడ్డాయి. 1993లో పెంటగన్‌లో జరిగిన ఒక విందులో ఆయుధ కంపెనీల అధిపతులను పిలిచి, మీలో కొందరే మిగులుతారు, కలిసిపొండి అని చెప్పారు. కంపెనీలు కలిసిపోయాయి. వాటికి దారి చూపినవారు వున్నారు. దక్షిణ కాలిఫోర్నియాలో వీధిన పడ్డ ఇంజనీర్లకు, కార్మికులకు చూపినవారు లేరు. ఇలాంటి రోజు వస్తుందని కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సేమర్ మెల్మన్ అంతకు ముందు నుంచే హెచ్చరిస్తూ వచ్చాడు. ఆయన వాదం సారాంశం ఇది: సైనిక కాంట్రాక్టులో ఖర్చు పెరిగితే లాభమూ పెరుగుతుంది; ఆ అలవాటులో పెరిగిన ఇంజనీరు, మేనేజరు, జనానికి చవకగా మన్నికగా వస్తువు తయారుచేసే పనికి ఒక్క రోజులో మారలేరు; కనుక పౌర ఉత్పత్తికి మారే పథకాన్ని ప్రతి కర్మాగారంలోనూ ముందుగానే, శ్రామికుల భాగస్వామ్యంతో తయారుచేసి వుంచాలి. దీనికి అమెరికన్ కాంగ్రెసులో బిల్లులు వచ్చాయి, నెగ్గలేదు. కనుక మార్పు అనేది ఎవరికి వారు దరఖాస్తు పట్టుకొని తిరిగే పనిగానే మిగిలింది.

మెల్మన్ కాగితం మీద చెప్పినదాన్ని బ్రిటన్‌లో శ్రామికులు చేసి చూపించబోయారు. లూకస్ ఏరోస్పేస్ అనే కంపెనీలో సగానికి దగ్గరగా సైనిక పనే వుండేది. 1970లలో ఉద్యోగాలు ఊడే ప్రమాదం వచ్చింది. పదమూడు సంఘాలకు చెందిన కార్మిక ప్రతినిధులు ఒక ఉమ్మడి కమిటీగా చేరి, మా ఉద్యోగాలు నిలబెట్టండి అని అడగటంతో ఆగలేదు. మేము ఏమి తయారుచేయాలో మేమే చెబుతాము అన్నారు. ముందుగా వారు దేశంలోని పండితులకు, సంస్థలకు 180 లేఖలు రాశారు. జవాబిచ్చినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అప్పుడు తమ యంత్రాల దగ్గర నిలబడే మనుషులనే అడిగారు. 1976 జనవరిలో ఆరు సంపుటాల పథకం బయటికి వచ్చింది. మూత్రపిండాల రోగులకు యంత్రాలు, ఇళ్ళను వెచ్చబరిచే హీట్ పంపులు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బండి, విద్యుత్తు పెట్రోలు రెండిటితో నడిచే ఇంజను – సుమారు 150 వస్తువులు. అర్ధ శతాబ్దం తర్వాత వీటిలో చాలా వస్తువులు బజారులో కనిపిస్తున్నాయి. యాజమాన్యం ఆ పథకాన్ని తిరస్కరించింది. దాని నాయకుల్లో ఒకడైన మైక్ కూలీ కంప్యూటరు సాయంతో యంత్రాల నమూనాలు గీసే ఇంజనీరు. 1981లో అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించారు.

ఓడిపోయిన ఈ ప్రయత్నాన్ని ఎందుకు గుర్తుచేసుకోవాలి? ఇంతవరకు మనం చూసినవారంతా – ఎకర్ట్ మాక్లీలు, సంకేతభాష నిపుణులు, సేజ్ ప్రోగ్రామర్లు – తామున్న చోటు మార్చుకున్నారు. లూకస్ శ్రామికులు వున్నచోటనే వుండి పనిని మార్చాలన్నారు. మొదటివారికి మార్గం సుగమమైంది, ఎందుకంటే అది ఎవరి పెత్తనాన్నీ కదిలించలేదు. రెండవవారి మార్గాన్ని మూసివేశారు, ఎందుకంటే ఏమి తయారుచేయాలనే నిర్ణయాన్ని అది యజమాని చేతి నుంచి తీసుకోబోయింది.

1990ల తర్వాత జరిగినది ఈ మాటను రుజువు చేస్తున్నది. 1994లో అమెరికా రక్షణ శాఖ తన కొనుగోలు పద్ధతిని మార్చుకొని, ప్రత్యేక సైనిక ప్రమాణాల బదులు బజారు సరుకునే కొనటానికి మొగ్గింది. అప్పటిదాకా సైన్యం నుంచి బజారుకు పారిన విద్య బజారు నుంచి సైన్యానికి పారసాగింది. 2013లో అమెజాన్ కంపెనీ గూఢచారి సంస్థ సి.ఐ.ఎ.కు 60 కోట్ల డాలర్ల క్లౌడు ఒప్పందం దక్కించుకుంది. 2022 డిసెంబరులో పెంటగన్ 900 కోట్ల డాలర్ల దాకా విలువ చేసే ఒప్పందాన్ని అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ కంపెనీలకు పంచింది. 2025 జూన్‌లో మెటా, పాలంటీర్, ఓపెన్ ఏఐ వంటి కంపెనీల నుంచి నలుగురు ప్రముఖులను అమెరికా సైన్యం రిజర్వు దళంలో లెఫ్టినెంటు కర్నళ్ళుగా తీసుకుంది. 1948లో సేనాని కంపెనీ ఉపాధ్యక్షుడైనాడు. ఇప్పుడు కంపెనీ అధికారులు సేనానులవుతున్నారు. మనస్సు ఒప్పక ఆయుధ కాంట్రాక్టు వదిలి, ప్రజలు వాడే సరుకు తయారుచేసే కంపెనీలో చేరినవాడు, కొన్నేళ్ళకు తాను రాసిన ప్రోగ్రామే ఆ పాత ఖాతాదారుకు అమ్ముడుపోవటం చూస్తాడు. అతడు గుమ్మం దాటాడు. గుమ్మం అతని వెంట నడిచి వచ్చింది.

ఈ పరిస్థితిని గుర్తించినవారు లేకపోలేదు. డ్రోను విమానాలు తీసిన చిత్రాలను యంత్రం చేత పరిశీలింపజేసే ‘మేవెన్’ పథకంలో గూగుల్ పాల్గొంటున్నదని తెలిసి, 2018లో ఆ కంపెనీ ఉద్యోగులు వేలమంది నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. కొందరు ఉద్యోగం వదిలారు. ఆ ఒప్పందాన్ని పొడిగించబోమని కంపెనీ ప్రకటించింది. ఆయుధాలకు కృత్రిమ మేధను తయారుచేయబోమని నియమం రాసుకుంది. 2025 ఫిబ్రవరిలో ఆ నియమాన్ని తీసివేసింది. ఇజ్రాయెలు ప్రభుత్వంతో వున్న క్లౌడు ఒప్పందం మీద 2024 ఏప్రిల్‌లో కార్యాలయంలో బైఠాయించినవారిని పదుల సంఖ్యలో తొలగించింది. సంతకాలతో గెలిచిన విజయం అంతకాలమే నిలిచింది. సంఘం, చట్టం, ఒప్పందం మీద హక్కు లేనిచోట యజమాని ఇచ్చిన మాటను యజమానే వెనక్కి తీసుకోగలడు.

ఇదంతా అమెరికా గొడవ, మనకేమిటి అని తెలుగు పాఠకులు అనుకోవచ్చు. మనకు రెండు సంబంధాలున్నాయి. మన దేశంలో ఎలక్ట్రానిక్సు పరిశ్రమకు పథకం వేసిన భాభా కమిటీ 1962 చైనా యుద్ధం తర్వాత, 1963లో ఏర్పడింది. ఆ ఆలోచన ఫలితంగా 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమైంది. దానికి ప్రాణం పోసినవాడు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. 1969లో అది టి.డి.సి.–12 అనే కంప్యూటరును తయారుచేసింది. ప్రజల సొమ్ముతో, ప్రభుత్వరంగంలో, మన ఊళ్ళ నుంచి వచ్చిన ఇంజనీర్ల చేతులతో. కంప్యూటర్ల మరమ్మత్తు కోసం 1970లలో ప్రభుత్వం పెట్టిన సి.ఎం.సి. సంస్థలో 51 శాతం వాటాను 2001లో టాటాలకు అమ్మివేశారు. ఆ సంవత్సరమే రక్షణ ఉత్పత్తి ప్రైవేటు రంగానికి తెరుచుకుంది. 2018 డిసెంబరులో హైదరాబాదులో ఒక భారతీయ ప్రైవేటు సంస్థ, ఇజ్రాయెలు ఆయుధ సంస్థ కలిసి డ్రోన్ల కర్మాగారం తెరిచాయి. అమెరికాలో ఎనభై ఏళ్ళు పట్టిన ప్రయాణాన్ని మనం తొందరగా ముగిస్తున్నాము.

రెండవ సంబంధం మన పిల్లలది. 1959లో ఒక వ్యాపార భాష కోసం పెంటగన్ ఆధ్వర్యంలో సమావేశం జరిగింది. దాని నుంచి కోబాల్ పుట్టింది. కోబాల్ నడవని యంత్రాన్ని కొనబోమని రక్షణ శాఖ పట్టుబట్టటంతో కంపెనీలన్నీ దానికి తలవంచాయి. 1990ల చివర, కొత్త శతాబ్దంలో ఆ పాత ప్రోగ్రాములన్నీ తేదీలు తప్పుతాయనే భయం లోకాన్ని పట్టినప్పుడు, హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల్లో ఆ భాషే నేర్చుకొని వేలమంది తెలుగు యువకులు విమానం ఎక్కారు. వీరికి సెక్యూరిటీ క్లియరెన్సు రాదు. అది సాధారణంగా అమెరికా పౌరులకే. కనుక సైనిక కాంట్రాక్టు గుమ్మం వీరు ఎన్నడూ తొక్కలేదు. నేరుగా ప్రైవేటు రంగంలోనే అడుగుపెట్టారు. అయినా, వీరిలో ఒకడు క్లౌడు కంపెనీలో రాసే ప్రోగ్రాము ఏ దేశపు సైన్యానికి అమ్ముడుపోతుందో అతనికి ఎవరూ చెప్పరు. అడిగితే ఉద్యోగంతో పాటు వీసా కూడా పోతుంది. రహస్యం తెలిసినవాణ్ణి నోరు మూయించటం పాత పద్ధతి. రహస్యమే తెలియనీయకుండా పని చేయించుకోవటం కొత్త పద్ధతి.

ఇది చదివే విద్యార్థుల్లో చాలామంది రేపు ఈ వృత్తిలోకే పోతారు. వారి తల్లిదండ్రులు అప్పు చేసి చదివించారు. ఉద్యోగం వద్దని చెప్పటానికి వ్యాసకర్తకు హక్కు లేదు. సైనిక కాంట్రాక్టు మాని వేరే కొలువు వెతుక్కునే మనిషిని తక్కువ చేయటం కూడా తగదు. అందుకు ధైర్యం కావాలి, కొన్నిసార్లు జీతం కూడా వదులుకోవాలి. కాని ఆ మనిషి తనను తాను మోసగించుకోరాదు. ప్రైవేటు అనే బోర్డు కింద కూర్చున్నంత మాత్రాన చేతులు కడుక్కున్నట్లు కాదు. తన శ్రమ ఎవరికి అమ్ముడుపోతున్నదో తెలుసుకునే హక్కు, వద్దనే హక్కు, దాని బదులు ఏమి తయారుచేయవచ్చునో చెప్పే హక్కు ఒంటరిగా సాధించలేనివి. లూకస్ కార్మికులు 180 లేఖలు రాసి, జవాబు రాక, చివరికి తమలో తామే అడుగుకున్న ప్రశ్న ఒకటుంది: మన చేతిలో వున్న ఈ విద్యతో జనానికి పనికివచ్చేది ఏమి చేయగలము? మాధాపూర్‌లో, బెంగుళూరులో, శాన్‌హోసేలో తెలుగు ప్రోగ్రామర్లు పది మంది కూడిన చోట ఆ ప్రశ్న వేసుకున్న రోజున ఈ చరిత్రలో కొత్త అధ్యాయం మొదలవుతుంది.